గోధుమరంగు పళ్ళన్నీ పుచ్చిపోయినవి కావు

పోయిన దసరా అయిన వారానికి, రాత్రి పదకొండు గంటలప్పుడు ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఎనిమిదింటికే పడుకునే మనిషి ఆ టైమ్‌లో ఫోన్ చేసిందంటే ఏదో అయిందనే లెక్క, నాకు గుండె గుభేలుమంది. "ఏం లేదు బిడ్డా, పన్ను గుంజుతుంది. కూసుంటే జర నయం, పండుకుంటే మస్తు ఎక్కువైతుంది, చెవుదాకా పోటు పెడుతుంది" అంది. అడిగితే అప్పుడు బయటపడింది, నాలుగు రోజుల నుంచి లవంగం పెట్టుకుంటుందట, మెడికల్ షాపులో ఇచ్చిన గోలీలు మింగుతుందట, గోలీ పని చేసినంతసేపు తగ్గి, దాని పవర్ దిగగానే మళ్ళీ మొదలవుతుందట. పొద్దున్నే మొదటి బస్సుకు నల్లగొండ వచ్చెయ్యమన్నాను.

ఆ పంటితో మొదలై దాదాపు రెండు నెలలు పళ్ళ దవాఖానల చుట్టూ తిరిగాను. ఒక చోట మోసపోబోయి బయటపడ్డాను, ఇంకో చోట మంచి డాక్టర్ దొరికింది. మా వైపు వాళ్ళకు పనికొస్తుందని అంతా రాస్తున్నాను, కొంచెం పొడుగే అవుతుంది.

మాది మర్రిగూడ వైపు ఊరు. ఆ పేరు చెబితే మా జిల్లాలో ఇంకేం చెప్పనక్కర్లేదు, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు అంటే ఫ్లోరైడ్ అనే అందరికీ గుర్తొస్తుంది. భూమి కింద మా రాళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంది, బోరు ఎంత లోతుకు పోతే అంత ఎక్కువ పైకి వచ్చేది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క, మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉన్న రోజులు మా అమ్మానాన్నలు బతికిన రోజులు. ఆ నీళ్ళ గోస దేశానికి తెలియాలని నిరసనగానే 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ ఎన్నికల గురించి మా నాన్న ఎన్నిసార్లు చెప్పేవాడో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారు చేస్తే దానికి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ఊరి పేరు ప్రపంచానికి అట్లా తెలియడం నాకు ఎప్పుడూ బాధే.

మా అమ్మ పళ్ళు, నా పళ్ళు, మా తమ్ముడి పళ్ళు అన్నీ ఆ నీళ్ళ పళ్ళే. తెల్లటి సుద్ద గీతలు, వాటి మధ్య గోధుమరంగు మచ్చలు, అమ్మకైతే అక్కడక్కడ చిన్న చిన్న గుంటలు కూడా. పదో తరగతి గ్రూప్ ఫొటోలో మా వరసలో ఒక్కరం కూడా నోరు తెరిచి నవ్వలేదు. హైదరాబాద్ హాస్టల్లో చేరిన కొత్తలో రూమ్మేటు "నువ్వు బ్రష్ చెయ్యవా?" అని అడిగింది, అప్పుడు నేను రోజుకు మూడుసార్లు తోముతున్నాను. కాబట్టి ఈ పళ్ళ సంగతి నాకు చిన్న విషయం కాదు.

సరే, పొద్దున అమ్మ వచ్చింది. కుడివైపు చెంప కొద్దిగా ఉబ్బింది. మా వీధిలో ఒకాయన చెప్పారని దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. అక్కడున్నాయన అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరవమని, టార్చ్ వేసి, నిమిషం కూడా కాకముందే "అన్నీ పాడైపోయినయమ్మా, ముందు పళ్ళు ఎనిమిది అరగదీసి క్యాపులు వెయ్యాలి, వెనక పన్ను పీకెయ్యాలి, ఇయ్యాల పది వేలు అడ్వాన్స్ కట్టండి" అన్నాడు. ఎక్స్‌రే లేదు. ఏ పన్ను నొస్తుందో వేలితో తట్టి కూడా చూడలేదు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఏం మందులు వాడుతున్నారు అని ఒక్క మాట అడగలేదు, మా అమ్మకు ఆ రెండూ ఉన్నాయి. గోడ మీద చూస్తే నవ్వుతున్న అమ్మాయి పోస్టరు ఉంది గానీ డాక్టరు సర్టిఫికెట్ ఎక్కడా కనపడలేదు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నొప్పి వెనక పంటికి, అరగదీస్తానన్నది ముందు పళ్ళను, అదెట్లా అని అడిగితే "చూస్తలేరా, నల్లగైనయి కదా" అన్నాడు. ఇంట్లో మాట్లాడుకొని వస్తామని చెప్పి లేచొచ్చాం.

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు కోపంగా ఉంచింది. నల్లగొండలో కూర్చొని, ఫ్లోరైడ్ మచ్చకూ పుచ్చిన పంటికీ తేడా చెప్పనివాడికి మన నోరు అప్పజెప్పడం ఎట్లా?

తరవాత తెలిసినవాళ్ళను అడగడం మొదలుపెట్టాను, ఈసారి ప్రశ్న మార్చి అడిగాను. "మంచి పళ్ళ డాక్టర్ ఎవరు" అని అడిగితే ఎవరి చుట్టం పేరు వాళ్ళు చెప్తారు. "నీకు ఏం ట్రీట్‌మెంట్ చేశారు, చేసేముందు నీకు ఏం చూపించారు, తరవాత నొప్పి వస్తే ఫోన్ ఎత్తారా" అని అడిగితే సగం మంది తడుముకుంటారు, ఎవరైతే గడగడా చెప్తారో వాళ్ళ డాక్టర్ దగ్గరికి పోవాలి. మా స్కూల్లో ఆయా పనిచేసే అక్క అట్లా చెప్పింది. "మేడమ్, ఆమె నా పన్ను ఫొటో టీవీల సూపిచ్చి, గిది పోయింది, గిది బాగుంది అని చెప్పింది" అని. రామగిరి వైపు ఒక చిన్న క్లినిక్, ఇద్దరు డాక్టర్లు భార్యాభర్తలు. పోయాం.

అక్కడ డాక్టరమ్మ ముందు అడిగింది మందుల చీటీ. షుగర్ రిపోర్ట్ ఎప్పటిదో చూసింది, బీపీ చూసింది, గుండెకు స్టెంట్ పడిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడిగింది. అవి వాడేవాళ్ళు పంటి పని ఉందని తమంతట తామే మానెయ్యకూడదట, గుండె డాక్టర్నీ పళ్ళ డాక్టర్నీ అడిగాకే ఏదైనా. ఇది చాలామందికి తెలియదు, మా పెదనాన్న ఒకసారి అట్లాగే మానేశాడు. ఆ తరవాత ఆ డాక్టరమ్మ చిన్న అద్దం హ్యాండిల్‌తో పళ్ళను ఒక్కొక్కటిగా మెల్లగా తట్టుకుంటూ వచ్చింది. కింద కుడివైపు పెద్ద పంటి మీద తట్టగానే అమ్మ "అమ్మా" అని అరిచింది. అప్పుడు చిన్న ఎక్స్‌రే తీసి కంప్యూటర్ తెర మీద పెద్దగా చేసి, స్క్రీన్‌ను మా వైపు తిప్పి, పెన్ను మొనతో చూపించింది. పంటి మీద నుంచి లోపలికి నల్లటి దారి, అది నరం ఉండే గది దాకా పోయింది, వేరు చివర మసకగా గుండ్రటి నీడ. "ఇదమ్మా మీకు నొప్పి. పన్ను లోపల నరం చచ్చిపోతూ ఉంది, చీము వేరు కిందికి దిగింది" అంది.

నేను ముందు పళ్ళ గురించి అడిగాను. ఆమె సన్నటి కొక్కెం లాంటి పరికరంతో ఆ గోధుమరంగు మచ్చల మీద గీకింది, టకటకమని రాయి మీద గీకినట్టు చప్పుడు వచ్చింది. "చూడండి, గట్టిగా ఉన్నాయి. పుచ్చితే మెత్తగా, జిగురుగా తగులుతుంది. ఇది ఫ్లోరోసిస్, రంగు పోయింది గానీ పన్ను పోలేదు. వీటిని అరగదీస్తే నేనే పాడుచేసినట్టు" అంది. అమ్మ నా వైపు చూసింది. అరవై రెండేళ్ళ మనిషి, తన పళ్ళు బాగున్నాయని ఒక డాక్టర్ నోటి నుంచి వినడం అదే మొదటిసారి.

ఆమె చెప్పిన ఇంకో సంగతి ఏంటంటే, ఈ మచ్చ పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళ వల్ల. పన్ను వచ్చేశాక పెద్దయ్యాక తాగిన నీళ్ళకు కొత్తగా ఈ మచ్చలు రావు. ఎముకల సంగతి వేరు, అది ఏ వయసులోనైనా పట్టుకుంటుంది, మా ఊరి ముసలివాళ్ళ వంగిన నడుములు చూస్తే తెలుస్తుంది.

ఇక అమ్మ పంటికి రెండు దారులు చెప్పింది, పీకడం లేదా రూట్ కెనాల్, అంటే పన్ను ఉంచి లోపలి నరం తీసి శుభ్రం చేసి నింపడం. మా అమ్మ వెంటనే "పీకెయ్యి బిడ్డా, పీడ పోతది" అంది. మన దగ్గర చాలామంది మాట ఇదే, రూట్ కెనాల్ అంటే ఖర్చు, నొప్పి, నాలుగుసార్లు తిరగాలి, పీకితే ఒక్కరోజులో అయిపోతుంది. కానీ పీకిన చోట ఖాళీ వదిలేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, పైపన్ను కిందికి దిగుతుంది, నమలడం అంతా రెండోవైపు పడుతుంది. ఖాళీ పూడ్చాలంటే అటు పన్ను ఇటు పన్ను అరగదీసి బ్రిడ్జి కట్టాలి, లేదా ఎముకలో స్క్రూ దించి ఇంప్లాంట్ పెట్టాలి, రెండూ రూట్ కెనాల్ కంటే ఎక్కువ ఖర్చే. తీసి పెట్టుకునే పన్ను చవక గానీ అది మన పన్నులా నమలదు. అన్నీ విని అమ్మ కాసేపు ఆలోచించి, "నా పన్నే ఉండనీ మల్ల" అంది.

రూట్ కెనాల్ ఎట్లా చేస్తారో నేను పక్కన స్టూలు వేసుకొని కూర్చొని చూశాను, భయపడేవాళ్ళ కోసం వివరంగానే రాస్తాను. ముందు మత్తు ఇంజెక్షన్. కింది దవడకు లోపల చివర్న ఇస్తారు, చీమ కుట్టినట్టు ఉంటుంది, ఐదు నిమిషాల్లో సగం పెదవి, సగం నాలుక మొద్దుబారతాయి. అమ్మ "మూతి వంకరైందా?" అని రెండుసార్లు నాతో అద్దం తెప్పించుకుంది, ఏమీ కాలేదు, మనకు అట్లా అనిపిస్తుందంతే. పంటి చుట్టూ పచ్చటి రబ్బరు షీటు బిగించారు, ఆ ఒక్క పన్ను మాత్రమే బయటికి కనిపించేటట్టు. ఉమ్మి లోపలికి పోకుండా, మందు గొంతులోకి జారకుండా అది రక్షణ. పుచ్చిన భాగమంతా తీసేసి, కుట్టుసూది కంటే సన్నటి ఫైళ్ళతో వేర్ల లోపలి కాలువలను శుభ్రం చేస్తారు. అమ్మ పంటికి రెండు వేర్లు, మూడు కాలువలు. ఫైలు వేరు చివరికి చేరగానే పక్కనున్న చిన్న మిషన్ బీప్ బీప్ అంటుంది, "ఎవల్దో ఫోన్ వస్తుంది" అన్నట్టు అమ్మ చేతితో సైగ చేసింది. మధ్యమధ్య ఒక మందు కొట్టి కడుగుతుంటే ఊరి వాటర్ ట్యాంకు కడిగినప్పటి బ్లీచింగ్ వాసన వచ్చింది. అడిగితే అదీ ఆ జాతి మందేనట, పల్చటిది, లోపలి క్రిములను చంపడానికి.

చీము ఉంది కాబట్టి మొదటిరోజు మందు పెట్టి మూసేశారు, వారం తరవాత రెండోసారి, ఆ తరవాత మూడోసారి కాలువలు నింపారు. నింపేది గట్టా పెర్చా అనే గులాబీరంగు పుల్లలతో, ఒక చెట్టు పాల నుంచి వచ్చే పదార్థమట. చివర్న ఇంకో ఎక్స్‌రే తీసి మూడు కాలువలు చివరిదాకా నిండాయని మళ్ళీ తెర మీద చూపించింది. మొదటి ఎక్స్‌రే పక్కన ఈ ఎక్స్‌రే పెట్టి చూస్తే నాకే అర్థమైంది, డాక్టర్ కానక్కర్లేదు. అదీ నాకు నచ్చిన విషయం, మనకు అర్థమయ్యేటట్టు చూపించాలంటే వాళ్ళు సరిగ్గా చేసి ఉండాలి కదా.

రెండోసారి పోయేముందు రోజు అమ్మ నొప్పి పూర్తిగా పోయిందని "ఇంకెందుకు, బస్సు కిరాయి దండగ" అంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారట. నరం తీసేశాక నొప్పి తెలియదు, కానీ పైన పెట్టింది తాత్కాలిక సిమెంట్, అది ఊడిపోతే లోపలికి మళ్ళీ క్రిములు పోతాయి, ఆరు నెలలకో ఏడాదికో దవడ వాస్తుంది, అప్పుడు నిజంగానే పీకాల్సొస్తుంది. గోలీలు కూడా అంతే. యాంటీబయాటిక్ వాపు తగ్గిస్తుంది గానీ పంటి లోపల కుళ్ళిన నరాన్ని బయటికి తియ్యదు. గోలీలతో నెట్టుకొచ్చి, వాపు దవడ కిందికి, మెడకు పాకి, నోరు తెరుచుకోక, మింగడం, ఊపిరి కష్టమైతే మాత్రం పళ్ళ క్లినిక్ కాదు, సీదా పెద్ద దవాఖాన ఎమర్జెన్సీకి పోవాలి, ప్రాణం మీదికి వచ్చే సంగతి అది.

ఇక క్యాపు. రూట్ కెనాల్ చేసిన వెనక పన్ను ఎండిన కట్టెలాగా పెళుసు, సగం లోపల తొలిచేసి ఉంటుంది కాబట్టి మక్క గింజ కొరికినా చీలొచ్చు, అందుకే టోపీ. ఉత్త లోహం క్యాపు ఉంది, లోపల లోహం పైన పింగాణీ ఉండేది ఉంది, పూర్తిగా తెల్లటి జిర్కోనియా ఉంది. ధర ఆ వరసలోనే పెరుగుతుంది. వెనక పంటికి లోహందైనా గట్టిగా పనిచేస్తుందని డాక్టరే చెప్పింది, ఖరీదైనదే వేసుకోమని బలవంతం చెయ్యలేదు. రంగు కూడా అడిగింది, పక్క పళ్ళకు కలిసేటట్టు కొంచెం పసుపు గోధుమరంగులో చేయించమంటారా అని. అమ్మ తల అడ్డంగా ఊపి, "తెల్లది పెట్టు బిడ్డా. ఇన్నేండ్లకు నా నోట్ల ఒక్క తెల్ల పన్నన్న ఉండనీ" అంది. డాక్టరమ్మ కూడా మాట్లాడలేదు కాసేపు. జిర్కోనియానే వేయించాను. మాకు ఎక్స్‌రేలు, రూట్ కెనాల్, క్యాపు అన్నీ కలిపి పదకొండు వేల రెండు వందలు అయింది, మొదటిరోజే కాగితం మీద రాసి ఇచ్చింది, చివరికి అంతే తీసుకుంది.

అన్ని పళ్ళకూ ఇంత తతంగం అక్కర్లేదు. చల్లనీళ్ళు తాగితే జివ్వుమని వెంటనే తగ్గిపోతే, పుప్పి ఇంకా పైపైనే ఉందని అర్థం కావొచ్చు, ఫిల్లింగ్‌తో పోతుంది, మన వాళ్ళు సిమెంట్ పెట్టించుకోవడం అంటారు. జివ్వుమన్నది నిమిషాల తరబడి ఉంటే, వేడికి కూడా నొస్తే, రాత్రి పడుకుంటే పెరిగితే నరం దాకా పోయినట్టే అనుకోవాలి. అమ్మకు దసరాకు ముందు ఆరేడు నెలలు చల్లనీళ్ళకు జివ్వుమనేదట. అప్పుడే వచ్చుంటే ఒక్క ఫిల్లింగ్‌తో అయిపోయేది. చెప్పలేదు. మన తల్లులు చెప్పరు, మనమే అడగాలి, నేను అడగలేదు.

మా చిన్నప్పుడు ఊర్లోకి పంటి పురుగు తీసేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఏవో గింజల పొగ పట్టి, బట్ట మీద తెల్లటి పోగుల్లాంటివి రాల్చి ఇవే పురుగులు అని చూపించేవాళ్ళు, మా నానమ్మ బియ్యం కొలిచి ఇచ్చేది. పంట్లో పురుగు ఉండదు. మనం తిన్న తీపి, పిండి పదార్థాలను కంటికి కనపడని క్రిములు తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది, అదే పుప్పి. అట్లాగే పై పన్ను పీకితే కంటిచూపు పోతుందనే భయం ఇప్పటికీ ఉంది, మా అత్తమ్మ కూడా అన్నది. పంటి నరానికీ కంటిచూపు నరానికీ సంబంధం లేదు. ముసలితనంలో పళ్ళూ పోతాయి, చూపూ తగ్గుతుంది, రెండూ ఒకే వయసులో వచ్చేసరికి ముడిపెట్టేశారు.

క్లీనింగ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేనే దాని మీద చాలా డబ్బు పోశాను. పళ్ళ మీద పాచి పేరుకొని గట్టిపడితే గార అవుతుంది, అది బ్రష్‌కు రాదు, అదురుతూ నీళ్ళు చిమ్మే మిషన్‌తో తీస్తారు. చిగుళ్ళ నుంచి రక్తం, నోటి వాసన ఉన్నవాళ్ళకు ఇది తప్పనిసరి. షుగర్ ఉన్నవాళ్ళకు ఇంకా, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టం, షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయి, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి, సందులు పడతాయి అంటారు. గార నిండిన సందు ఖాళీ అయితే సందు కనిపించదా మరి? కదిలే పన్ను గార వల్ల ముందే వదులైంది, క్లీనింగ్ వల్ల కాదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫ్లోరైడ్ మచ్చ క్లీనింగ్‌తో పోదు. అది పంటి పైన లేదు, పంటి లోపలే ఉంది. నేను ఇరవై రెండేళ్ళ వయసు నుంచి మచ్చలు పోతాయని నాలుగుసార్లు చేయించుకున్నాను, ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి వేసి రుద్దడం అంతకంటే చెడ్డది, పంటి మీద ఉన్న గట్టి ఎనామిల్ పొర అరిగిపోతుంది.

ఆ మచ్చలకు నిజంగా ఏం చేస్తారంటే, పైపైన ఉన్నవాటికి ఆమ్లం కలిసిన పేస్టుతో సన్నటి పొర అరగదీయడం, కొన్నింటికి బ్లీచింగ్, లోతుగా ఉంటే పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే ఫిల్లింగ్ పదార్థం పూయడం లేదా పల్చటి పింగాణీ పెంకు అతికించడం. పన్ను బాగా పెచ్చులూడిపోయి ఉంటేనే పూర్తి క్యాపు. ముందు తక్కువ కోత ఉన్నది, అది చాలకపోతే తరవాతది. నేను పై రెండు ముందు పళ్ళకు మాత్రం చేయించుకున్నాను, ఒక గంట పట్టింది, సూది కూడా వెయ్యలేదు. మిగతావి అట్లాగే ఉంచుకున్నాను. ముప్పై ఆరేళ్ళు నాతో ఉన్న పళ్ళు, నాకు ఇప్పుడు వాటి మీద కోపం లేదు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు డెంటల్ కాలేజీలను మర్చిపోవద్దు. మనకు నార్కట్‌పల్లిలో హైవే మీదే కామినేని డెంటల్ కాలేజీ ఉంది, పాలమూరు వైపు వాళ్ళకు మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మా తమ్ముడి జ్ఞానదంతం అడ్డంగా పడుకొని ఉంటే నార్కట్‌పల్లిలోనే తీయించాం. విద్యార్థులు చేస్తారు, పక్కన ప్రొఫెసర్ నిలబడి చూస్తాడు, ప్రతి మెట్టు దగ్గర ఆగి చూపించి సంతకం తీసుకుంటారు కాబట్టి టైమ్ పడుతుంది, పొద్దున్నే పోయి సాయంత్రానికి తిరిగిరావడానికి సిద్ధపడి పోవాలి. పన్ను తీయించుకున్నాక దూదిని అరగంట పైన గట్టిగా కొరికి పట్టుకోవాలి, ఆ రోజంతా పుక్కిలించొద్దు, గట్టిగా ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, బీడీ సిగరెట్ అసలొద్దు. గుంటలో గడ్డకట్టిన రక్తమే అక్కడ మందు, అది ఊడిపోతే మూడో రోజు నుంచి మొదలయ్యే నొప్పి మామూలుగా ఉండదు. మా వాడు రెండో రోజే సిగరెట్ తాగి అది అనుభవించాడు.

క్లినిక్‌కి పోయినప్పుడు గోడ మీద బీడీఎస్ లేదా ఎండీఎస్ సర్టిఫికెట్, తెలంగాణ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూడండి, లేకపోతే అడగండి, నిజమైన డాక్టర్ ఎవరూ కోపం చెయ్యరు. బీడీఎస్ అంటే ఐదేళ్ళ చదువు, ఎండీఎస్ ఆపైన ఇంకో మూడేళ్ళు ఒకే విభాగంలో. పరికరాలు సీల్ చేసిన కవర్లోంచి మీ ముందే తీస్తున్నారా, గ్లవ్స్ మార్చారా చూడండి. మన టౌన్లలో కొన్ని క్లినిక్‌లకు పెద్ద పనుల కోసం హైదరాబాద్ నుంచి స్పెషలిస్టులు వారానికో రోజు వస్తారు, అది తప్పేం కాదు, కానీ వాళ్ళు పోయాక రాత్రి నొప్పి వస్తే ఎవరు చూస్తారో ముందే అడిగి పెట్టుకోండి. రెండు మూడుసార్లు తిరగాల్సిన పనికి ఇంటికి దగ్గరున్న డాక్టరే మేలు, అమ్మలాంటి వాళ్ళు బస్సులో వచ్చేటట్టయితే ఇంకా. పంటి నొప్పి లేనిదాన్ని ఇప్పటికిప్పుడు ఈరోజే చెయ్యాలి, అడ్వాన్స్ కట్టు అంటే మాత్రం లేచి వచ్చేయండి, ఇంకో డాక్టర్‌ను అడగండి.

మా పాపకు ఆరేళ్ళు నిండాయి, అమ్మ పని అయ్యాక అదే క్లినిక్‌లో చూపించాను. పాలపళ్ళ వెనకాల నాలుగు పెద్ద పళ్ళు కొత్తగా వచ్చాయి, నేను వాటిని కూడా పాలపళ్ళే అనుకున్నాను. ఊడవట, జీవితాంతం ఉండే పళ్ళు అవే, ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే వెనకాల నుంచి వస్తాయి కాబట్టి చాలామంది తల్లులు గమనించరట. వాటి మీద సన్నటి గీతల్లో తిండి ఇరుక్కోకుండా సీలెంట్ అని పల్చటి పూత వేస్తారు, సూది లేదు, అరగదీయడం లేదు, పావుగంట పని. అది వేయించాను. పేస్టు బఠాణీ గింజంతే పెట్టాలి, మింగకుండా ఉమ్మించాలి అని చెప్పింది.

పాప పుట్టినప్పటి నుంచి తాగింది నల్లా నుంచి వచ్చిన కృష్ణా నీళ్ళే. ఊర్లో అమ్మ వాళ్ళకు కూడా మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్ళు వస్తున్నాయి. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు పాపకు కింద ముందు పన్ను ఒకటి ఊడి, దాని చోట కొత్తది సగం వచ్చి ఉంది. అమ్మ అరుగు మీద కూర్చోబెట్టుకొని ఫోన్ టార్చ్ వేసి పాప నోట్లోకి చూసింది, ఒక్క మచ్చ లేదు. "అగో, ఎంత తెల్లగున్నదే" అంది. పాప ఊరుకోకుండా "నీదీ చూపించు అమ్మమ్మా" అంటే, అమ్మ చెంపను వేలితో పక్కకు లాగి వెనక పన్ను చూపించింది.

"నీది కూడా తెల్లదే" అంది పాప.